చచ్చిపోయిందనుకున్న మొక్క

పిల్లలూ!

తొలకరి పడింది కదా, మీ తోటలు ఎలా ఉన్నాయి? బంతి నారు పోశారా? పొయ్యనివాళ్ళు ఈ ఆదివారమైనా పొయ్యండి. ఇంకా ఆలస్యం చేస్తే దసరాకు పూలు అందవు.

ఈ నెల మీకు ఒక మొక్క సంగతి చెబుతాను. ఆ మొక్క మన ఊళ్ళలో పెరిగేది కాదు. అది అమెరికాలో ఉత్తరపు కొసన ఉన్న మిన్నెసోటా రాష్ట్రంలో, ఒక తెలుగువాళ్ళ పెరట్లో ఉన్నది. అయినా దాని సంగతి తెలుసుకుంటే మన పెరట్లో మొక్కల సంగతి కూడా కొంత తెలుస్తుంది.

కిందటి డిసెంబరులో నాకు అక్కడినుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినది పదకొండేళ్ళ అమ్మాయి. ఈ పత్రికను వాళ్ళ అమ్మమ్మ నెలనెలా ఇక్కడినుంచి పంపిస్తుందట. ఆ ఉత్తరం మీరూ చదవండి.

“తాతయ్యగారూ! మా పక్కింట్లో ఒక ముసలమ్మగారు ఉండేవారు. ఆవిడ తోటలో పియొనీ అనే పూలపొద ఉండేది. దాన్ని ఆవిడ వాళ్ళమ్మగారు నాటారట. జూన్ వచ్చిందంటే దానికి లేత గులాబిరంగు పూలు పూసేవి. ఒక్కొక్క పువ్వు నా రెండు అరచేతులంత ఉండేది. కిందటి సెప్టెంబరులో ఆవిడ ఇల్లు అమ్మేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు పొద ఒక పక్కన తవ్వి, వేరుముక్క తీసి నాకిచ్చారు. దానిమీద నాలుగు ఎర్రని కళ్ళు ఉన్నాయి. నాన్నా నేనూ దాన్ని నాటాము. ఇంతవరకు ఒక్క చిగురు కూడా రాలేదు. ఇప్పుడు నేల రాయిలాగా అయిపోయింది. పలుగు కూడా దిగడం లేదు. మొక్కకు చలి వేస్తుందని పైన ప్లాస్టిక్ కాగితం కప్పాను. ఎండ వచ్చినరోజు గోరువెచ్చని నీళ్ళు పోస్తున్నాను. అది చచ్చిపోయి ఉంటుంది, ఎండలు వచ్చాక వేరే మొక్క కొనుక్కుందాం అంటాడు నాన్న. కాని కొత్తగా వచ్చినవాళ్ళు పాత పొదను తీయించేసి, అక్కడ కారు నిలపడానికి గచ్చు చేయించారు. ఇక ఆ మొక్క అంటూ మిగిలితే మా పెరట్లోనే మిగలాలి. అది బతికి ఉన్నదా, చచ్చిపోయిందా, చెప్పండి.”

ఇది చదవగానే నేనేం చేశానో తెలుసా? వాళ్ళ నాన్నగారి ఈమెయిలుకు ఆ రాత్రే రెండు ముక్కలు రాసి పంపాను: “అమ్మాయీ! మొక్క బతికే ఉండవచ్చు. ముందు ఆ ప్లాస్టిక్ కాగితం తీసెయ్యి. వేడినీళ్ళు ఆపు. మిగిలిన సంగతులు తరవాత రాస్తాను.”

చలికి వణికే మొక్కకు దుప్పటి తీసెయ్యమంటాడేమిటి, ఈ తాతయ్యకు మతిపోయిందా అని మీరు అనుకోవచ్చు. ఆ అమ్మాయి కూడా అలాగే అనుకున్నదట! కొంచెం ఓపికపట్టి వినండి.

పూలమొక్కలలో కొన్ని ఒక్క ఏడాదే బతుకుతాయి. బంతి, పొద్దుతిరుగుడు అటువంటివి. మొలిచి, పూసి, గింజలు రాల్చి, తమ పని అయిపోయిందన్నట్టు ఎండిపోతాయి. వీటిని ఏకవార్షికాలు అంటారు. మరికొన్ని ఏళ్ళ తరబడి బతుకుతాయి. అవి బహువార్షికాలు. మల్లె, మందారం, చామంతి ఈ కోవకు చెందినవి.

ఈ బహువార్షికాలలో మళ్ళీ ఒక రకం ఉన్నది. మందారానికి ఉన్నట్టు వీటికి చెక్కబారిన కొమ్మలు ఉండవు. గడ్డుకాలం వచ్చినప్పుడు ఆకులూ కాడలూ మొత్తం ఎండిపోతాయి. పైన చూస్తే ఏమీ ఉండదు. నేల కింద దుంపో, వేరో, పిలకో మాత్రం ప్రాణంతో ఉంటుంది. మీరు పసుపుచేను చూశారా? సంక్రాంతి దాటేసరికి ఆకులన్నీ పసుపుబారి, ఎండి, నేలమీద వాలిపోతాయి. అంతమాత్రాన పసుపు చచ్చిపోయిందని రైతు ఏడుస్తాడా? గునపం పట్టుకుని దుంప తవ్వడానికి సిద్ధమవుతాడు! కంద కూడా అంతే. ఎండాకాలమంతా కంద ఉన్నచోట ఉత్త మట్టే కనిపిస్తుంది. నాలుగు చినుకులు పడగానే, గొడుగు ముడిచిపెట్టినట్టున్న మొలక భూమిని చీల్చుకుని వస్తుంది.

పియొనీ కూడా ఈ జాతి జాణే. కాకపోతే మన కంద ఎండకు దాక్కుంటుంది, అది చలికి దాక్కుంటుంది. ఆ అమ్మాయి చూసిన “ఎర్రని కళ్ళు” వచ్చే ఏటి మొగ్గలు. ఒక్కొక్క కంటిలో రాబోయే కాడ ముడుచుకుని పడుకుని ఉంటుంది. పియొనీ వేరును విడదీసి నాటడానికి సెప్టెంబరు, అక్టోబరు నెలలే మంచివి. అప్పుడు నాటితే ఆ ఏడు చిగురు రాదు. రాకూడదు కూడా. అందుచేత చిగురు రాలేదన్న కారణంగా మొక్క చచ్చిపోయిందని అనుకోనక్కరలేదు.

కాని అక్కడి చలి మామూలు చలి కాదు. మన లంబసింగిలో చలి సున్నా డిగ్రీల దగ్గరకు దిగిందంటేనే పత్రికలలో రాస్తారు, జనం కార్లు కట్టుకుని చూడబోతారు. మిన్నెసోటాలో సున్నాకు ఇరవై సెంటిగ్రేడు డిగ్రీలు దిగిపోవడం ఏటా జరిగేదే. అక్కడి టవర్ అనే ఊరి దగ్గర 1996 ఫిబ్రవరి 2న సున్నాకు దిగువన 51 డిగ్రీల చలి నమోదయింది. అటువంటి చోట కోటూ బూట్లూ లేకుండా మొక్క ఎలా బతుకుతుంది?

దీనికి జవాబు తెలియాలంటే, చలి మొక్కను ఎలా చంపుతుందో ముందు తెలియాలి. మీ అమ్మగారిని అడిగి ఒక్క పాలకూర ఆకు తీసుకోండి. దాన్ని ఫ్రిజ్‌లో మంచుగడ్డలు కట్టే అరలో ఒక రాత్రి ఉంచండి. పొద్దున తీసి పళ్ళెంలో పెట్టండి. కాసేపటికి ఆ ఆకు నల్లబడి, నీరు కారుతూ, తడిగుడ్డలాగా మెత్తబడిపోతుంది. ఎందుచేత? ఆకు నిండా కంటికి కనిపించని జీవకణాలు ఉంటాయి. ఒక్కొక్క కణం పలచని పొరలో కట్టిన నీళ్ళమూట వంటిది. ఆ నీరు కణం లోపలే గడ్డకడితే మంచుముక్కలు సూదుల్లాగా పొరను చీల్చేస్తాయి. చిరిగిన మూటలో నీళ్ళు నిలుస్తాయా? ఆ కణం ఇక బతకదు.

చలిదేశపు మొక్క ఈ ప్రమాదం నుంచి తప్పించుకోవడానికి రెండు ఉపాయాలు పన్నుతుంది. మొదటిది, చలికాలం రాకముందే తన వేళ్ళలో దాచుకున్న పిండిపదార్థాన్ని కొంత చక్కెరగా మార్చుకుంటుంది. కణాలలో ఉన్న పలచని నీరు పానకం అవుతుంది. ఉత్తనీరు గడ్డకట్టినంత తేలికగా పానకం గడ్డకట్టదు. రెండో ఉపాయం ఇంకా తమాషా అయినది. చలి ముదిరినకొద్దీ కణాల లోపలి నీరు కొంత బయటికి వచ్చేస్తుంది. ఆ నీరు కణాల మధ్య ఉన్న సందులలో గడ్డకడుతుంది. అక్కడ గడ్డకడితే పొరలు చిరగవు. నీరు పోయినకొద్దీ లోపల మిగిలిన పానకం పాకమవుతుంది, పాకం ముదురుపాకమవుతుంది. అరిసెలకు పాకం పట్టడం చూసినవాళ్ళకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. అంటే మంచు మొక్క లోపల ఉంటుంది, కాని ప్రాణం ఉన్న గదిలోకి రాదన్నమాట.

ఈ పనులన్నీ ఒక్క రాత్రిలో అయ్యేవి కావు. కొన్ని వారాలు పడతాయి. అందువల్లనే, నిండు వేసవిలో హఠాత్తుగా మంచు పడితే చచ్చిపోయే మొక్క, అదే మొక్క, జనవరిలో అంతకు ఎన్నో రెట్ల చలిని తట్టుకుంటుంది.

మరి చలికాలం రాబోతున్నదని మొక్కకు ఎవరు చెబుతారు? పంచాంగం చూస్తుందా? ఒక విధంగా చూస్తుందనే చెప్పాలి. పగళ్ళు పొట్టివై రాత్రులు పొడుగవుతుంటే, మొక్క ఆ తేడాను కనిపెడుతుంది. ఈ రహస్యం బయటపెట్టినది పొగాకు మొక్క. అమెరికాలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక రకం పొగాకును పెంచుతుండేవారు. అది వేసవిలో ఏపుగా పెరిగేదేగాని పూసేది కాదు. చలికాలంలో అద్దాలగదిలో పెంచితే మాత్రం పూసేది. వాళ్ళు ఆలోచించి, వేసవిలోనే కొన్ని మొక్కలను రోజూ సాయంత్రం పెందరాళే చీకటిగదిలో పెట్టి, పొద్దెక్కాక బయటికి తీశారు. పగలు పొట్టిదయ్యేసరికి అవి పూశాయి! ఈ సంగతిని వాళ్ళు 1920లో ప్రకటించారు. మన చామంతి చలికాలంలోనే విరగబూయడానికి కారణం కూడా ఇదే, దానికి పొడుగు రాత్రులు కావాలి. కొన్ని మొక్కలు ఈ గడియారం చూసి పూస్తాయి. చలిదేశపు మొక్కలు ఎన్నో ఇదే గడియారం చూసి నిద్రకు సిద్ధమవుతాయి. పగలు తగ్గడం మొదటి గంట, చల్లబడిన రాత్రులు రెండో గంట.

ఇక మంచు సంగతి. మంచు పడితే మొక్క ఇంకా చల్లబడిపోతుందని మనకు అనిపిస్తుంది. నిజం దానికి తిరకాసుగా ఉన్నది! అప్పుడే కురిసిన మంచులో పదివంతులకు తొమ్మిదివంతులు గాలే ఉంటుంది. మన బొంతలో దూది మధ్య గాలి చిక్కుకుని ఉండడం వల్లనే కదా వెచ్చగా ఉండేది? మంచు కూడా నేలకు బొంత వంటిదే. పైన గాలి సున్నాకు ఇరవై డిగ్రీలు దిగిపోయినా, మోకాలి లోతు మంచు పేరుకున్నచోట నేల సున్నాకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. వేసవిలో భూమి దాచుకున్న వేడి తొందరగా బయటికి పోకుండా మంచు అడ్డుకుంటుంది. అందుకే అక్కడి తోటమాలులు మంచు బాగా పడిన ఏడు సంతోషిస్తారు. చలి ఉండి మంచు పడని ఏడే వాళ్ళకు బెంగ.

ఏ చోట ఏ మొక్క చలికి ఆగుతుందో తెలుసుకోవడానికి అమెరికా వ్యవసాయశాఖ 1960లో ఒక పటం తయారుచేసింది. ఏటా పడే చలిలో అన్నిటికన్నా తక్కువ డిగ్రీలను సరాసరి కట్టి, దాన్నిబట్టి దేశాన్ని మండలాలుగా విభజించారు. దాన్ని మళ్ళీ మళ్ళీ సవరించి, 2023లో కొత్త పటం వేశారు. అందులో 13 మండలాలు ఉన్నాయి. మొదటి మండలం అతిచల్లనిది. పియొనీ మూడో మండలంలో కూడా బతుకుతుంది. ఆ మండలంలో చలి సున్నాకు 40 డిగ్రీల దాకా దిగవచ్చు. దాని ముత్తాతలు సైబీరియా, చైనా దేశపు చలిప్రాంతాలవి మరి!

చూశారా? అంత చలికీ చావని మొక్కకు ప్లాస్టిక్ కాగితమూ వేడినీళ్ళూ ఎందుకు? ఎందుకూ పనికిరాకపోగా అవే దాన్ని చంపగలవు.

చలికాలంలో చచ్చిపోయిన మొక్కలలో చాలావాటిని చంపేది రెండు శత్రువులు. ఒకటి తడి. నిద్రపోతున్న వేరు నీళ్ళు తాగదు. దాని చుట్టూ నీరు నిలిస్తే గాలి ఆడక కుళ్ళిపోతుంది. అందుకే అక్కడివాళ్ళు నీరు ఇంకిపోయే చోట, కాస్త ఎత్తుగా మడి చేసి, ఇటువంటి మొక్కలను నాటుతారు. రెండో శత్రువు గడ్డకట్టడం, కరగడం, మళ్ళీ గడ్డకట్టడం. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. పైగా గడ్డకడుతున్న పొర కింద ఉన్న తడిని కూడా పైకి లాక్కుని ఇంకా దళసరి అవుతుంది. అప్పుడు మట్టి పొంగుతుంది, దానితోపాటు మొక్క కూడా పైకి లేస్తుంది. పగలు కరిగి, రాత్రి గడ్డకట్టి, పది పదిహేనుసార్లు ఇలా జరిగిందంటే, ఎవరో లోపలినుంచి తోసినట్టు మొక్క వేళ్ళతో సహా నేలమీదికి వచ్చేస్తుంది. ఆపైన చలిగాలి దాని పని పడుతుంది.

ఇప్పుడు ఆ ప్లాస్టిక్ కాగితం ఏం చేస్తుందో మీరే చెప్పగలరు. పగలు ఎండ తగిలితే కాగితం కింద వేడి పుట్టి నేల కరుగుతుంది. రాత్రి మళ్ళీ గడ్డకడుతుంది. గాలి ఆడదు గనక తడి ఆరదు. గోరువెచ్చని నీళ్ళు ఆ తడిని ఇంకా పెంచుతాయి. పాపం, ఆ అమ్మాయి ప్రేమతోనే చేసింది. కాని ఆ రెండు శత్రువులనూ తనే చేయిపట్టుకుని పిలుచుకువచ్చింది!

రెండో ఉత్తరంలో ఆమెకు ఈ సంగతులన్నీ రాసి, చెయ్యవలసిన పని ఇలా చెప్పాను: “నేల బాగా గడ్డకట్టింది గదా, ఇప్పుడు దానిమీద ఎండుగడ్డిగాని ఎండుటాకులుగాని జానెడు మందాన పరువు. ఈ గడ్డి నేలను వెచ్చగా ఉంచడానికి కాదు. గడ్డకట్టిన నేలను అలాగే గడ్డకట్టి ఉంచడానికి! మధ్యలో రెండురోజులు ఎండ కాసినా నేల కరగకూడదు. మంచు పడితే దానిమీదే పడనియ్యి. మరొక్క మాట. ఎంత ఆత్రంగా ఉన్నా తవ్వి చూడకు.”

ఆఖరిమాట ఎందుకు రాశానంటే, నేను మీ అంత ఉన్నప్పుడు చిక్కుడుగింజలు నాటి, మొలిచాయో లేదోనని రోజూ తవ్వి చూసేవాణ్ణి. ఒక్కటీ మొలవలేదని వేరే చెప్పాలా?

మార్చిలో మళ్ళీ ఉత్తరం వచ్చింది. “గడ్డి ఒక పక్క గాలికి ఎగిరిపోయింది తాతయ్యగారూ! అక్కడ నేల పగిలి పైకి లేచింది. వేరు ఒక కొస బయటికి కనిపిస్తున్నది. దాని కన్ను ఎర్రగా కాక నల్లగా ఉన్నది. సుత్తితో కొట్టి లోపలికి దించనా?”

వద్దని రాశాను. గడ్డకట్టిన నేలలో వేరును కొడితే విరిగిపోతుంది. ఇంట్లో ఉన్న పొడిమట్టి తెచ్చి ఆ కొసను కప్పమన్నాను. దానిమీద మళ్ళీ గడ్డి వెయ్యమన్నాను. నేల పూర్తిగా కరిగిన తరవాత చేత్తో మెల్లగా అదమమన్నాను. అప్పుడు కూడా కళ్ళమీద రెండంగుళాల కన్న ఎక్కువ మట్టి ఉండకూడదు. పియొనీని లోతుగా నాటితే ఆకులు వేస్తుందేగాని పూలు పుయ్యదు. ఏప్రిల్‌లో చలి తగ్గగానే గడ్డి కొంచెం కొంచెంగా తీసెయ్యమన్నాను. అప్పుడు కూడా గడ్డి ఉంచేస్తే మొలకలు కుళ్ళిపోతాయి.

అప్పుడామె ఒక మంచి ప్రశ్న వేసింది: “మొక్కకు చలి ఇంత ప్రమాదమైతే, కుండీలో పెట్టి ఇంట్లో వెచ్చగా ఉంచితే పోయేది గదా?”

మీలో కొందరికి కూడా ఈ ఆలోచన వచ్చే ఉంటుంది. దీనికి జవాబు వింటే మీరు ఆశ్చర్యపడతారు. పియొనీ గదికి రెండు తాళాలు ఉన్నాయనుకోండి. మొదటి తాళం చలితోనే తెరుచుకుంటుంది. కొన్ని వారాలపాటు చలి తగిలితేగాని మొగ్గకు నిద్రమత్తు వదలదు. రెండో తాళం వెచ్చదనంతో తెరుచుకుంటుంది. రెండూ వరసగా తెరుచుకుంటేనే మొగ్గ బయటికి వస్తుంది. ఇంట్లో వెచ్చగా ఉంచితే మొదటి తాళం తెరుచుకోదు. కాబట్టి చలి దానికి శత్రువూ అవును, మేలుకొలిపే నేస్తమూ అవును. పియొనీ మన విజయవాడలోనూ వరంగల్లులోనూ పుయ్యకపోవడానికి కారణం ఇదే. మన ఎండకు తాళలేకపోవడం ఒక ఎత్తు, మన చలికాలం దాన్ని నిద్రలేపడానికి చాలకపోవడం మరొక ఎత్తు. మన దేశంలో పియొనీని చూడాలంటే హిమాలయాలకు వెళ్ళాలి. కాశ్మీరు, హిమాచల ప్రదేశ్, ఉత్తరాఖండ్ కొండలలో తెల్లని పూలు పూసే పియొనీ ఒకటి దానంతట అదే పెరుగుతుంది.

మే నెలాఖరున ఆ అమ్మాయి రాసిన ఉత్తరం ఇప్పుడు నా బల్లమీద ఉన్నది.

“తాతయ్యగారూ! ఏప్రిల్ ఆఖరివారంలో గడ్డి తీస్తుంటే ఎర్రగా ఏదో కనిపించింది. పురుగేమోనని చెయ్యి వెనక్కు లాక్కున్నాను. అది మొలక! ముక్కు పైకెత్తి చూస్తున్నట్టు ఉన్నది. మర్నాడు ఇంకొకటి వచ్చింది. ఇంకో నాలుగురోజులకు మూడోది వచ్చింది. నాలుగోది రాలేదు. మార్చిలో నల్లబడిన కన్ను అదే. ఇప్పుడు మూడు కాడలూ నా మోకాలి దాకా వచ్చాయి. మొగ్గలు మాత్రం లేవు. చచ్చిపోయిందనుకుని దానిచోట నాటడానికి నాన్న వేరే మొక్క కొనుక్కొచ్చాడు. దాన్ని పక్కన నాటాము. నేను మూడు కాడలకూ ఫొటో తీసి ముసలమ్మగారికి పంపాను. ఆవిడ ఫోన్ చేసి, ‘మూడా?’ అని రెండుసార్లు అడిగారు. ఈ ఏడు పూలు ఎందుకు రాలేదు?”

ఈ ప్రశ్నకు జవాబు ఈ పత్రికలోనే ఇస్తున్నాను, అమ్మమ్మ పంపగానే చదువుకుంటుంది.

అమ్మాయీ! విడదీసి నాటిన పియొనీ మొదటి ఏడు పుయ్యకపోవడం మామూలే. రెండో ఏడు కూడా పుయ్యకపోవచ్చు. ముందు వేళ్ళు పాతుకోవాలి గదా! ఒకసారి స్థిరపడిందంటే ఏభై ఏళ్ళయినా ఒక్కచోటే ఉండి పూస్తుంది. నువ్వు ముసలమ్మవు అయ్యేనాటికి నీ పక్కింటి పిల్లకు వేరుముక్క ఇవ్వవచ్చు. ఈ ఏడు నువ్వు చెయ్యవలసినది ఇంతే: వేసవిలో వానలు లేకపోతే వారానికొకసారి నీళ్ళు పొయ్యి. ఆకులు పచ్చగా ఉన్నంతకాలం కొయ్యకు, వచ్చే ఏటి పూలకు తిండి దాచేది అవే. చలిపడి ఆకులు నల్లబడ్డాక కాడలు నేలకు దగ్గరగా కోసి, తోటలో ఉంచకుండా దూరంగా పారెయ్యి. పియొనీ ఆకులకు ఒక రకం బూజుతెగులు పడుతుంది, ఆ తెగులు ఎండుటాకులలోనే చలికాలం గడుపుతుంది. కాని మిగిలిన మొక్కల కాడలన్నీ కొయ్యకు. కోన్‌ఫ్లవర్ వంటివి ఉంటే అలాగే నిలబెట్టు. వాటి గింజలు చలికాలంలో పిచ్చుకజాతి పక్షులు తింటాయి. బోలుకాడలలో చిన్న తేనెటీగలు కొన్ని తలదాచుకుంటాయి. ఆ కాడలు మంచును కూడా పట్టి నిలుపుతాయి. ఎప్పటికో పియొనీ మొగ్గ తొడిగినప్పుడు దానిమీద చీమలు పాకితే భయపడకు, మందు కొట్టకు. మొగ్గమీద ఊరే తియ్యని రసంకోసం అవి వస్తాయి. పువ్వుకు వాటివల్ల చెరుపు లేదు.

ఇక మన ఊళ్ళలో ఉన్న పిల్లలకు నాదొక ప్రశ్న. సంక్రాంతికి మీ ఇంట్లో చామంతి కుండీ కొన్నారు కదా. అది ఇప్పుడెక్కడ ఉన్నది? పూలు వాడగానే, కాడలు ఎండిపోయాయని గోడ పక్కన పారేశారా? చామంతి కూడా బహువార్షికమే. పూత అయిపోయిన తరవాత కాడను మొదట్లో కోసేస్తే చుట్టూ పిలకలు వస్తాయి. చలిదేశాలలో చామంతిని మంచునుంచి దాటించాలి. మనం ఎండనుంచి దాటించాలి. చెట్టునీడన పెట్టి, మట్టి ఆరినప్పుడల్లా కాసిని నీళ్ళు పోస్తే చాలు. ఎండాకాలం దాటిన పిలకలను ఈ తొలకరిలో వేళ్ళతో సహా విడదీసి వేరువేరుగా నాటండి. సంక్రాంతికి ఒక కుండీ నాలుగు కుండీలవుతుంది. పారేసినవాళ్ళు ఒకసారి గోడ పక్కకు వెళ్ళి చూసి రండి. ఒక్క పచ్చని పిలక ఉన్నా తెచ్చి నాటండి.

ఇంకొక చిన్న పరీక్ష కూడా చెయ్యండి. రెండు ఒకే రకం గిన్నెలలో సమంగా నీళ్ళు పొయ్యండి. ఒకదానిలో నాలుగు చెంచాల పంచదార కలపండి. రెండూ మంచుగడ్డల అరలో పెట్టి అరగంటకొకసారి చూడండి. ఏది ముందు గడ్డకట్టింది? ఏది ఎంతసేపు మెత్తగా ఉన్నది? రాసి పంపండి. దానిలోనే పియొనీ రహస్యం ఉన్నది.

పెద్దవాళ్ళకు ఒక్క మనవి. ఎండిన కుండీని పారెయ్యబోయేముందు, మట్టిలోకి ఒకసారి వేలు పెట్టి, మొదలు పచ్చగా ఉన్నదో లేదో చూడండి. లేకపోతే మీ ఇంట్లో పిల్లల నడగండి. వాళ్ళకు ఇప్పుడు తెలుసు.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.

మీ
తోట తాతయ్య